కాలు జారిందా, గేటు తప్పిందా?

మారతహళ్ళి అల్లుడు:
అందరికీ నమస్కారం. ఉగాదికి బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం నాలుగు పేజీల పిల్లల పత్రిక వేస్తాం. ఈసారి ఆటల పేజీ నా నెత్తిన పడింది. మా అమ్మాయి పట్టుబట్టిందని అమెరికా స్కీ రేసర్ మికేలా షిఫ్రిన్ గురించి రాశాను. స్లాలమ్ అంటే కాళ్ళకి స్కీలనే పొడుగాటి పలకలు కట్టుకుని, మంచు వాలు మీద పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పందెం. 2014లో సోచి ఒలింపిక్స్ స్లాలమ్‌లో స్వర్ణం గెలిచేనాటికి ఆమెకి 18 ఏళ్ళు. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో జెయింట్ స్లాలమ్ (కర్రలు ఇంకా దూరదూరంగా ఉండే పందెం) స్వర్ణం. ఇక్కడిదాకా బాగానే నడిచింది. 2022 బీజింగ్ దగ్గరే చిక్కొచ్చింది. అక్కడ జెయింట్ స్లాలమ్, స్లాలమ్, కంబైన్డ్ (రెండు రకాల పరుగులు కలిపిన పందెం) మూడింట్లోనూ ఆమె ముగింపు గీత దాకా చేరలేదు, ఒక్క పతకమూ రాలేదు. నేను "బీజింగ్‌లో షిఫ్రిన్ కాలు జారింది" అని రాశాను.

ప్రూఫు దిద్దుతున్న మా అత్తగారు కళ్ళజోడు తీసేసి, "ఏం బాబూ, పరాయి పిల్ల గురించి ఇలా అచ్చేస్తారా? అదీ పిల్లల పత్రికలో!" అన్నారు. మంచు మీద జారడమే ఆ ఆట కదండీ అన్నాను. ఒప్పుకోలేదు. మీరేమంటారు?

జయనగర్ మాస్టారు:
మీ అత్తగారిదే రైటు. 'జారు'తో తమాషా ఏమిటంటే, జారేది మనిషిలో ఒక భాగమైతే, కాలో నోరో, వెనకాల ఏదో తప్పు ఉన్నట్టే. మనిషి మొత్తం జారితే పేచీ లేదు. పిల్లలు జారుడుబండ మీద హాయిగా జారుతారు. పార్కులో ఇక్కడి కన్నడ పిల్లలకీ అది జారుబండెయే. పోనీ, ఇష్టపడి చేసే పని కాబట్టి 'కొను' తగిలిద్దామా అంటే, "షిఫ్రిన్ జారుకుంది" అవుతుంది. రేసు మధ్యలో చెప్పాపెట్టకుండా ఇంటికెళ్ళిపోయినట్టు!

కోరమంగళ:
"దారి తప్పింది" అంటే సరిపోదా?

జయనగర్ మాస్టారు:
అయ్యా, అది ఇంకా అన్యాయం.

వైట్‌ఫీల్డ్:
ఆఫీసు పని మీద రెండు శీతాకాలాలు ఆస్ట్రియాలో ఉన్నాను. స్కీయింగ్ నేర్చుకోబోతే నడుం పట్టేసింది, అది వేరే కథ. అక్కడ తెలిసిందేమిటంటే, మంచి రేసర్ మలుపులో జారకూడదు. రేసు బాటకి నీళ్ళు పట్టించి గడ్డకట్టిస్తారు, రాయిలా ఉంటుంది. స్కీ అంచు మీద ఒరిగి ఆ గడ్డని కోసుకుంటూ తిరగాలి. అంచు పట్టు వదిలి స్కీ పక్కకి జారిందా, సెకనులో వందో వంతుల లెక్కలో వెనకపడ్డట్టే. కాబట్టి వాళ్ళ దృష్టిలో కూడా జారడం తప్పే.

ఇక బీజింగ్ సంగతి. స్లాలమ్‌లో గేటు అంటే మంచులో పాతిన కర్రలు. ప్రతి గేటునీ దాటాలి, ఒక్కటి వదిలేసినా ఆట అయిపోయినట్టే. షిఫ్రిన్ మొదటి రెండు పోటీల్లోనూ మొదట్లోనే అదుపు పోయి గేటు తప్పింది. అదే రాయండి. గురి తప్పడం, తాళం తప్పడం లాంటి మాట. ఎవరి పరువుకీ భంగం లేదు.

ఇంకొకటి. 'స్లాలమ్' నార్వే మాట. స్లా అంటే వాలు, లోమ్ అంటే స్కీల జాడ. తెలుగులో 'వాలుజాడ' అనొచ్చేమో!

కోరమంగళ:
అందరూ వాలుజడ అని చదువుతారండీ. స్లాలమ్ అనే ఉంచండి.

మారతహళ్ళి అల్లుడు:
సరే, 'గేటు తప్పింది' ఖాయం. తర్వాతి భాగం రాత్రి అత్తగారికి చదివి వినిపించాను. 2023 మార్చి 11న స్వీడన్‌లోని ఓరెలో షిఫ్రిన్ తన 87వ ప్రపంచకప్ రేసు (ఏటా వరసగా జరిగే పోటీల్లో ఒకటి) గెలిచి స్వీడన్ రేసర్ ఇంగెమార్ స్టెన్మార్క్ 86 విజయాల రికార్డు దాటింది, అదీ ఆయన సొంతగడ్డ మీదే. దానికి ఆవిడ "భలే" అన్నారు. 2024 నవంబరులో అమెరికాలోని కిల్లింగ్‌టన్‌లో మొదటి పరుగులో అందరికన్నా ముందుండి, రెండో పరుగులో పడిపోయి పొట్టకి గాయమైంది. ఆ రోజు గెలిచుంటే 100 పూర్తయ్యేవి. "నూరో గెలుపు చేజారింది" అని రాసి, భయపడుతూనే చదివాను.

"అది ఉంచండి బాబూ," అన్నారు. "జారింది గెలుపు కదా, పిల్ల కాదుగా."

2025 ఫిబ్రవరి 23న ఇటలీలోని సెస్ట్రియేరెలో ఆ నూరోదీ వచ్చింది. ఆ వాక్యంలో ఆవిడ ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.