గన్నవరం దగ్గర పెళ్లికి డ్రోన్: ఎల్లో జోన్ అనుమతి దొరుకుతుందా?

మా చెల్లి పెళ్లి ఇంకా 24 రోజులుంది. ముహూర్తం రాత్రి 10:42కి. కల్యాణ మండపం గన్నవరం విమానాశ్రయం ప్రహరీకి సుమారు 6 కిలోమీటర్ల దూరం. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూస్తే ఎల్లో జోన్ అని చూపిస్తోంది, అంటే ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) అనుమతి ఉండాలి.

వీడియో అతను మాత్రం "మా డ్రోన్ 249 గ్రాములే సార్, ఏ పర్మిషనూ అక్కర్లేదు" అంటున్నాడు. నేను చదివినంతలో 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ నుంచే మినహాయింపు, జోన్ నిబంధన నుంచి కాదు. ఇదే చెప్తే నవ్వేశాడు. రెండుసార్లు అడిగినా రాసివ్వనన్నాడు. ఇంకో ఇద్దరిని అడిగాను, వాళ్లదీ అదే మాట.

నిశ్చితార్థంలో పందిరి పక్కనే ఎగరేశాడు. పళ్లెంలో పూలరేకులు మా అమ్మమ్మ ఒళ్లో పడ్డాయి, రికార్డింగులో మంత్రాల బదులు తేనెటీగల రొద! అందుకే తలంబ్రాలప్పుడు వద్దని ముందే తేల్చేశాం. సాయంత్రం 5 గంటలకి ఎదురుకోలు దగ్గర పది నిమిషాలు చాలు. దానికే 15,000 అదనం అంటున్నాడు, అది వేరే సంగతి.

ఎల్లో జోన్‌లో పెళ్లికి నిజంగా అనుమతి తెచ్చుకున్నవాళ్లు చెప్పండి: ఈ 24 రోజుల్లో అది వస్తుందా, లేక డ్రోన్ మానుకోవాలా?