టోరెంట్లకు ఇక కాలం చెల్లినట్టేనా?

గవర్నర్‌పేట: మ్యూజిక్ కంపెనీలు కేసులు వేసి ఒక్కో ఫైల్ షేరింగ్ సర్వీసునీ మూయించేస్తున్నాయి కదా. మా నాటక సమాజం పద్యాల రికార్డింగులు 40 జీబీ టోరెంట్‌లో (ఫైళ్లను ముక్కలుగా యూజర్లే ఒకరికొకరు పంచుకునే పద్ధతి) పెడదామంటే, అసలు ఇది నిలుస్తుందా?

బెంజి సర్కిల్: నిలుస్తుందండీ. 2001లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ సర్వీసు మూతపడటానికి కారణం పాటల జాబితా మొత్తం వాళ్ల సర్వర్లలో ఉండటమే. అలాంటిదే మరో సర్వీసు గ్రోక్‌స్టర్ దగ్గర అలాంటి సర్వర్ లేదు, అయినా 2005లో అమెరికా సుప్రీంకోర్టు వదల్లేదు: జనాన్ని దొంగ కాపీలకు ఉసిగొల్పారంది. అంటే తప్పు పట్టింది వ్యాపారం తీరుని, టెక్నాలజీని కాదు. టోరెంట్లు నడిచే బిట్‌టోరెంట్‌లో డీహెచ్‌టీ (ఏ ఫైలు ఎవరి దగ్గరుందో యూజర్ల కంప్యూటర్లే పంచుకుని గుర్తుపెట్టుకునే పట్టిక) వల్ల జాబితా యూజర్ల మధ్యే చెదిరి ఉంటుంది. తాళం వేయడానికి ఆఫీసేదీ?

అరండల్‌పేట: కోర్టుకంటే ముందు మీ రౌటర్ చూడండి గురూ. వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే సీజీనాట్ కింద, అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామంది కస్టమర్లతో కలిసి వాడుతున్నట్టే. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్లను మీ కంప్యూటర్‌కి మళ్లించడం) ఎంత చేసినా బయటివాళ్లు మీ దాకా రాలేరు. ఐపీవీ6 (ఎవరి అడ్రస్ వారికే ఉండే కొత్త పద్ధతి) ఆన్ చేయండి, లేదా ఒక వెబ్ సీడ్ (అవే ఫైళ్లను మామూలు వెబ్ సర్వర్ నుంచి ఇవ్వడం) పెట్టండి. క్యూబిట్‌టోరెంట్ సాఫ్ట్‌వేర్‌లో టోరెంట్ తయారుచేసేటప్పుడు పీస్ (ముక్క) సైజు 4 ఎంబీ చాలు, సుమారు పదివేల ముక్కలవుతాయి. ఆ తర్వాత ఎంపీ3 ట్యాగ్‌లో ఒక్క అక్షరం దిద్దినా ఆ ముక్క హ్యాష్ (ముక్కను సరిచూసే కోడ్) తప్పుతుంది, దాన్ని అవతలివాళ్లు తీసుకోలేరు. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో ఒక పూర్తి కాపీ వెళ్లడానికి నాలుగున్నర గంటలు.

బెంజి సర్కిల్: ఇంకోటి. రికార్డింగ్ మీదైనా పద్యాలు మీవి కాకపోవచ్చు. కవి పోయి 60 ఏళ్లు దాటిందా? పాడినవాళ్ల హక్కు వేరే, అది 50 ఏళ్లు. సంతకాలు తీసుకోండి.

గవర్నర్‌పేట: వ్యాన్ ఐపీ 100.72 అని చూపిస్తోందండీ. అయితే వెబ్ సీడే.