బస్సు మోడ్‌కి 149 రూపాయలా? హాబీ ఎక్కడ ఆగుతుంది, వ్యాపారం ఎక్కడ మొదలవుతుంది?

మారతహళ్లి మోడర్: యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీ డ్రైవింగ్ గేమ్‌కి నేను చేసిన బెంగళూరు–విజయవాడ స్లీపర్ బస్సు మోడ్ (ఆటగాళ్లే చేసి గేమ్‌కి కలిపే భాగం) కొత్త వెర్షన్ రెడీ. పాతది ఫ్రీగానే ఉంటుంది. కొత్తది 149 రూపాయలు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో మోడ్లు పంచుకునే వర్క్‌షాప్‌లో ఈ గేమ్ మోడ్లన్నీ ఉచితమే కాబట్టి బయట వేరే సైట్‌లో పెడుతున్నా. తిట్టేవాళ్లు ఇప్పుడే తిట్టేయండి, లాంచ్ రోజు ప్రశాంతంగా ఉంటా.

గుంటూరు గేర్: మొదలైంది. నేను కాఫీ తెచ్చుకుంటా.

ఘాట్‌రోడ్డు: అన్నా, 2015 ఏప్రిల్ గుర్తుందా? స్టీమ్‌లో స్కైరిమ్ అనే గేమ్‌కి మోడ్లు అమ్మకానికి పెట్టారు. చేసినవాడికి 25 శాతం, స్టీమ్ నడిపే వాల్వ్‌కి 30, స్కైరిమ్ కంపెనీ బెథెస్డాకి 45. వారం తిరక్కముందే మొత్తం ఎత్తేసి, కొన్నవాళ్లకి డబ్బులు తిరిగిచ్చారు. రాత్రంతా కూర్చుని చేసినవాడికి పావలా, కూర్చున్నచోటి నుంచి కదలనివాళ్లకి ముప్పావలా! మోడ్లు అమ్మడమంటే ఇదే.

మారతహళ్లి మోడర్: నేను వాల్వ్ కాదు, బెథెస్డా కాదు. ఆ సైట్ కమిషన్ పోగా మిగతాది నాకే వస్తుంది. 25 శాతం ఇక్కడికెందుకొచ్చింది?

ఘాట్‌రోడ్డు: ఇవాళ రాలేదు, రేపు వస్తుంది. 2017లో అదే బెథెస్డా క్రియేషన్ క్లబ్ అని డబ్బుకి అమ్మే పద్ధతి మళ్లీ తెచ్చింది. 2023 డిసెంబర్‌లో స్కైరిమ్‌కి క్రియేషన్స్ పేరుతో ఇంకోసారి. 25 శాతం సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

చిత్తూరు చిన్నోడు: కౌంటర్ స్ట్రైక్ గేమ్ కూడా 1999లో వాల్వ్ వాళ్ల హాఫ్ లైఫ్ గేమ్‌కి మోడే కదా. వాల్వ్ కొనుక్కుని మరుసటి ఏడాదే అమ్మింది. అప్పుడెవరూ ఏడవలేదే?

ఘాట్‌రోడ్డు: కంపెనీ కొనుక్కోవడం వేరు. ఇక్కడ అమ్మేది మన అన్న.

నైట్ సర్వీస్: ఒకే ఒక్క ప్రశ్న. కొత్త వెర్షన్‌లో ఇంజిన్ సౌండ్ ఎవరిది?

మారతహళ్లి మోడర్: ఎఫ్‌మోడ్ అనే గేమ్ సౌండ్ సాఫ్ట్‌వేర్‌లో నేను కట్టింది.

నైట్ సర్వీస్: కట్టింది మీరు. రికార్డు చేసిందెవరు?

సైలెన్సర్: అసలు ఆ ట్రావెల్స్ వాళ్ల లోగో, ఛాసిస్ కంపెనీ లోగో వాడుకోవడానికి పర్మిషన్ ఉందా? ఫ్రీగా ఇస్తే చూసీచూడనట్టు వదిలేస్తారు. డబ్బు తీసుకుంటే అలా వదలరు.

మారతహళ్లి మోడర్: లోగో మార్చాను, స్క్రీన్‌షాట్ చూడండి. ఇక సౌండ్ సంగతి. నైట్ సర్వీస్ గారు బెంగళూరు మడివాళలో బస్సెక్కి, డ్రైవర్ క్యాబిన్ పక్కన ఫోన్ పెట్టి రికార్డు చేసిన ఫైల్ అది. సగం సేపు క్లీనర్ దగ్గు, ముందు సీటాయన ఫోన్‌లో భూమి తగాదా. అందులోంచి ఐడిల్ వేరుగా, లోడ్ మీద లాగే శబ్దం వేరుగా, ఒక్కో ఇంజిన్ వేగానికి (ఆర్‌పీఎం) ముక్క కోసి, అతుకు తెలియకుండా లూప్ చేసింది నేను. 2020లో 1.37 అప్‌డేట్‌తో గేమ్ సౌండ్ మొత్తం ఎఫ్‌మోడ్‌కి మారి పాత సౌండ్ మోడ్లు మూగబోయినప్పుడు మీరెక్కడున్నారు సార్?

నైట్ సర్వీస్: ఉద్యోగంలో. అందరూ ఫ్రీగా ఆడుకుంటారని ఇచ్చాను ఆ ఫైల్. మోడ్‌తో వచ్చే రీడ్‌మీ ఫైల్‌లో నా పేరుండేది. కొత్త వెర్షన్‌లో అదీ లేదు, ఇప్పుడే చూశా. ఇదివరకు ఒకడు మన స్కిన్లన్నీ (బస్సు పెయింట్ డిజైన్లు) జిప్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో 99కి అమ్మితే, వాణ్ణి దొంగ అని అందరికంటే గట్టిగా తిట్టింది మీరే.

ఘాట్‌రోడ్డు: ఆ స్కైరిమ్ గొడవలో కూడా ఇదే జరిగింది. చేపలు పట్టే మోడ్‌లో వేరేవాళ్ల యానిమేషన్ ఉందని గోల మొదలై దాన్ని తీసేశారు. డబ్బు పెట్టగానే ఎవరి ముక్క ఎవరిదో లెక్క తేలాలి.

మారతహళ్లి మోడర్: పేరు పెడతాను, వాటా కూడా ఇస్తాను. ఎంతో చెప్పండి.

నైట్ సర్వీస్: నాకు మీ వాటా అక్కర్లేదు.

మారతహళ్లి మోడర్: అక్కర్లేదు, ఎందుకంటే మీకు ఒకటో తారీఖుకి జీతం పడుతుంది. నన్ను తీసేసి నాలుగు నెలలైంది. మీకిది హాబీ. నాకు ఇప్పుడు చేతిలో ఉన్న పని ఇదొక్కటే. అప్‌డేట్ వచ్చిన రాత్రే "అన్నా బస్సు క్రాష్ అవుతోంది" అని మెసేజ్‌లు నాకొస్తాయి, మీకు రావు. ఫ్రీగా చేసినంతకాలం దేవుణ్ణి, 149 అనగానే దొంగనా?

గుంటూరు గేర్: అన్నా, ఉద్యోగం సంగతి మాకు చెప్పలేదే.

నైట్ సర్వీస్: ఆ మాట ముందే అని ఉంటే వేరేలా మాట్లాడేవాణ్ణి. విరాళం పేజీ పెట్టండి, మొదట నేనే వేస్తాను. నెక్సస్ అనే మోడ్ల సైట్‌లో 2018 నుంచి డొనేషన్ పాయింట్లున్నాయి, అక్కడ మోడ్ ఫ్రీగానే ఉంటుంది, చేసినవాళ్లకీ ఎంతో కొంత వస్తుంది. కానీ తాళం వేసిన ఫైల్‌లో నా రికార్డింగ్ ఉండకూడదు.

మారతహళ్లి మోడర్: విరాళానికి చేయి చాచను. ధర పెట్టి అమ్ముతాను, నచ్చినవాళ్లు కొంటారు. మీ సౌండ్ తీసేస్తా. ఆదివారం మడివాళ వెళ్లి నేనే రికార్డు చేసుకుంటా. లాంచ్ రెండు వారాలు వెనక్కి.

ఘాట్‌రోడ్డు: మరి 25 శాతం?

నైట్ సర్వీస్: ఫ్రీ వెర్షన్‌లో నా సౌండ్ ఉండనివ్వండి. వెళ్లేటప్పుడు ఫోన్ కాదు, మైక్ పట్టుకెళ్లండి. దానికి స్పాంజ్ తొడగండి, ఏసీ గాలి మొత్తం రికార్డవుతుంది.