కోనసీమ నుంచి హైదరాబాద్: రాత్రి స్లీపర్ బస్సులు ఆపాలా, వద్దా?

వైనతేయ తీరం:

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్–బెంగళూరు స్లీపర్ బస్సు కాలిపోయినప్పటి నుంచి రెండు రకాల మాటలు వింటున్నాను. స్లీపర్ బస్సులు మొత్తం ఆపేయాలని కొందరు, జాగ్రత్తలు పెంచితే చాలని కొందరు. నాది మొదటి మాట. ఎందుకో చెబుతాను, కాదనేవాళ్లు కారణం చూపించి కాదనండి.

ఆ బస్సుల్లో నడిచే దారి ఎంత ఉంటుందో ఎక్కినవాళ్లకి తెలుసు. ఒకరు పక్కకి తిరిగి నిలబడితేగానీ ఇంకొకరు దాటలేరు. రెండు వైపులా తెరలు. పైబెర్తు వాళ్లు దిగాలంటే చీకట్లో కాలు పెట్టే చోటు తడుముకోవాలి. ఏసీ కాబట్టి అద్దాలు తెరుచుకోవు, పగలగొట్టాల్సిందే. మంట పుడితే పొగ ముందు పైకే చేరుతుంది, అక్కడే మనిషి నిద్రపోతుంటాడు. చిన్నటేకూరులో రోడ్డు మీద పడి ఉన్న మోటారుసైకిలు బస్సు కింద ఇరుక్కుని ఈడ్చుకుపోతే నిప్పు లేచింది. బస్సులో ఉన్నవాళ్లలో 19 మంది పోయారు. బతికినవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే. సీటు బస్సులో అయితే మనిషి సగం లేచే ఉంటాడు, లేస్తే కాలు నేల మీదే ఉంటుంది.

చైనాలో ఇలాంటి బస్సే కాలి 41 మంది పోయాక, 2012లో కొత్త స్లీపర్ బస్సులు రోడ్డెక్కకుండా ఆపేశారు. అమలాపురం నుంచి హైదరాబాద్ నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క రాత్రి కూర్చుని వెళ్లలేమా?

ముమ్మిడివరం ఆడపడుచు:

వెళ్లలేనివాళ్లు ఉన్నారండి. మా అమ్మకి రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాయి. తొమ్మిది పది గంటలు కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే తెల్లారేసరికి పాదాలు వాచిపోయి చెప్పులు పట్టవు. నిమ్స్‌కో ఇంకో పెద్దాసుపత్రికో చెకప్‌కి వెళ్లే పెద్దవాళ్లు మన జిల్లా నుంచి రోజూ బయల్దేరుతూనే ఉంటారు. వాళ్లకి స్లీపర్ విలాసం కాదు.

ఇంకో మాట. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది పోయిన బస్సు స్లీపర్ కాదు, సీట్ల వోల్వో. కల్వర్టుకి గుద్దుకుని డీజిల్ ట్యాంకు అంటుకుంది. అందులోవాళ్లు కూర్చునే ఉన్నారు కదా! మరి సీట్ల బస్సులు కూడా ఆపేద్దామా?

చైనాతో పోలిక నాకు బాధ అనిపించింది. వాళ్లు బస్సు ఆపినా ఎక్కడానికి రైలు ఉంది. మనకేముంది? కోటిపల్లి–నర్సాపురం లైను 2000–01 బడ్జెట్‌లో మంజూరైంది. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజులవి. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 2004లో రైలు వచ్చింది, అక్కడితో ఆగింది. గౌతమిలో స్తంభాలు లేచాయి, వాటి మీద పట్టాలు లేవు. అమలాపురానికి ఇప్పటికీ రైలు కూత లేదు. రైలు ఇవ్వకుండా, ఉన్న బస్సులో పడుకునే వీలు కూడా తీసేస్తామంటే ఎలా?

తాటిపాక సెంటర్:

రైలు అసలు లేదనకండి. మా రాజోలు వైపు వాళ్లం చించినాడ వంతెన దాటితే పాలకొల్లు స్టేషనే. నర్సాపురం నుంచి హైదరాబాద్ బండి ఉంది. ముమ్మిడివరం, అమలాపురం వాళ్లకి రాజమండ్రి స్టేషన్ ఉంది, అక్కడ గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా ఉచితం, రాజమండ్రి దాకా టిక్కెట్టు ఖర్చు లేదు. పెద్దవాళ్లని రైల్లో తీసుకెళ్లడమే మంచిది.

ముమ్మిడివరం ఆడపడుచు:

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, సంక్రాంతి రోజులకి తెరిచిన పూటే అయిపోతుంది. జబ్బు 60 రోజుల ముందు చెప్పి వస్తుందా అండి? పైగా సామానుతో, మోకాళ్ల నొప్పితో ఉన్న మనిషిని బస్సెక్కించి, రాజమండ్రిలో దింపి, ప్లాట్‌ఫాం మార్చి, రైలెక్కించాలి. ఒక్కసారి తోడు వెళ్లి చూడండి.

పాతికేళ్ల స్టీరింగ్:

నేను బస్సు తోలినవాణ్ని. ముందు ప్రైవేటు, తరవాత ఇంకోచోట, ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటున్నాను. మీరంతా బెర్తు గురించి, సీటు గురించి మాట్లాడుతున్నారు. తోలేవాడి గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి వచ్చే బస్సు తీసుకోండి. టిక్కెట్టు మీద బయల్దేరే టైము రాత్రి తొమ్మిదో పదో ఉంటుంది. అది మీరు ఎక్కే టైము. మాకు డ్యూటీ సాయంత్రమే మొదలవుతుంది. మియాపూర్, కేపీహెచ్‌బీ, అమీర్‌పేట, లకడీకాపూల్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్. ప్రతి చోటా ఆగాలి, ఫోన్లు చేయాలి, డిక్కీ తెరిచి సామాను సర్దాలి, పార్శిళ్లు ఎక్కించాలి. ట్రాఫిక్‌లో రెండు మూడు గంటలు గేర్లు మార్చి మార్చి నడుం పడిపోయాక, అప్పుడు ఊరు దాటి విజయవాడ రోడ్డెక్కుతాం. మీ నిద్ర మొదలయ్యేసరికి మా ఒంట్లో సత్తువ సగం అయిపోయి ఉంటుంది.

కోదాడ, నందిగామ దాకా పర్వాలేదు. మాటలుంటాయి, టీ ఉంటుంది. విజయవాడ దాటి హనుమాన్ జంక్షన్, ఏలూరు బైపాస్ వచ్చేసరికి మూడు అవుతుంది. అక్కడి నుంచి తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం దాకా రోడ్డు తిన్నగా ఉంటుంది. ఆ తిన్నదనమే ప్రమాదం. మూడు నుంచి అయిదు మధ్య కళ్లు తెరుచుకునే ఉంటాయి గాని బుర్ర పని చెయ్యదు. జనవరిలో దానికి మంచు తోడు. అద్దం ముందు తెల్లగా తప్ప ఏమీ కనపడదు, వెనకనుంచి మాత్రం ఫోన్లు, ఎక్కడిదాకా వచ్చింది, ఎన్నింటికి చేరుతుంది అని.

రెండో డ్రైవరు ఉండాలన్నది రూలు. ఉంటాడు. కానీ ఎక్కడ పడుకుంటాడో చూశారా? చాలా బండ్లలో సామాన్ల డిక్కీ పక్కన చిన్న అర. ఇంజను వేడి, చక్రాల మోత, ప్రతి గతుకూ వీపుకే. అందులో నాలుగు గంటలు దొర్లి లేచినవాడు ఎంత చురుగ్గా ఉంటాడో మీరే ఊహించుకోండి. కొన్ని చోట్ల రెండోవాణ్ని కాగితం మీదే ఎక్కిస్తారు. మోటారు ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లో వచ్చింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అదే నడిచింది. రోజుకి 8 గంటల పని అనేది. దూరపు బళ్లకి అనుమతి తీసుకుని పెంచినా 10 గంటలు దాటకూడదనేది. సాయంత్రం పికప్పుల నుంచి తెల్లారి సామాన్లు దింపేదాకా లెక్కేసి, మళ్లీ అదే రాత్రి తిరుగు బండి ఎక్కే మనిషిని అడగండి, ఆ చట్టం ఎక్కడ అమలైందో.

నన్నడిగితే స్లీపర్ ఆపడం కాదు, ఈ తిరుగు బండి ఆపాలి. ఒక రాత్రి తోలినవాడు రెండో రాత్రి ఇంట్లో పడుకోవాలి.

వైనతేయ తీరం:

పెద్దాయనా, మీరు చెప్పింది అక్షరాలా ఒప్పుకుంటాను. కానీ ఎంత చురుగ్గా ఉన్న డ్రైవరు తోలినా ఎదుటివాడి తప్పుతో నిప్పు పుట్టొచ్చు. పుట్టాక బయటికొచ్చే దారి ఉందా అన్నదే నా ప్రశ్న. చిన్నటేకూరు బస్సు సీట్ల బండిగా రిజిస్టరై తర్వాత స్లీపర్‌గా మారిందని అప్పట్లో పత్రికలు రాశాయి. పరుపులూ ప్లైవుడ్డూ తెరలూ ఎవరికి తోచినట్టు వాళ్లు బిగించిన బండిని ఏ పరీక్షలో పాస్ చేస్తున్నారు? కనీసం పైబెర్తులు తీసేయమనండి. ముమ్మిడివరం అక్కగారి అమ్మగారిలాంటి వాళ్లకి కిందిబెర్తులు చాలు.

గౌతమి గట్టు:

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను, పండక్కీ సెలవులకీ ఒంటరిగా వస్తుంటాను. నాకు బెర్తా సీటా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, నన్ను ఎక్కడ దింపుతారు?

కాకినాడకో విశాఖకో పోయే బస్సులు రావులపాలెం ఊళ్లోకి రావు. హైవే మీదే, తెల్లవారుజామున మూడున్నరకి, వంతెన పక్కన ఆపి "దిగండి దిగండి" అంటారు. లైటు ఉండదు. ఒక బ్యాగు చేతిలో, ఒకటి వీపున, ఫోన్‌లో చార్జింగు లేకపోతే ఇంక దేవుడే దిక్కు. మా నాన్నగారు కొత్తపేట నుంచి బండి మీద వచ్చి గంట ముందే అక్కడ నిలబడతారు. ఆయనకి ఆ వయసులో ఆ చలి. అదే ఆర్టీసీ బస్సయితే కాంప్లెక్స్ లోపలికి వస్తుంది. లైట్లుంటాయి, కూర్చోడానికి బల్లలుంటాయి, నలుగురు మనుషులుంటారు, తెల్లారే దాకా ఉండి మొదటి పల్లెవెలుగు ఎక్కొచ్చు. ఈ ఒక్క కారణానికే నేను సూపర్ లగ్జరీలో కూర్చుని వస్తాను, నడుం నొప్పెట్టినా సరే.

ఇక బాత్రూం. బస్సు ఎక్కడ ఆగాలో డ్రైవరుకి భోజనం పెట్టే హోటలు నిర్ణయిస్తుంది. మగవాళ్లు రోడ్డు పక్కన దిగి వెళ్లిపోతారు. మేం సాయంత్రం నుంచి మంచినీళ్లు తాగడం మానేసి ఎక్కుతాం. ఎంతమంది ఆడపిల్లలు ఇలా నీళ్లు మానేసి ప్రయాణం చేస్తున్నారో ఈ చర్చలో ఒక్క మగవారూ అనుకోలేదు. స్లీపర్ ఉంచండి, తీసేయండి, ముందు శుభ్రమైన చోట రెండుసార్లు ఆపమనండి.

రావులపాలెం వకీలు:

గౌతమి గట్టు గారి ప్రశ్నకి చట్టంలో కొంత జవాబుంది. ప్రైవేటు బస్సులకి ఉండేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్. అంటే ఒక బృందాన్ని ఒక చోట ఎక్కించుకుని ఇంకో చోట దింపడానికి. దారిలో ఎక్కించుకోవడం, దింపడం ఆ పర్మిట్‌లో లేదు. స్టాపు స్టాపుకీ మనుషుల్ని ఎక్కించి దింపే హక్కు స్టేజ్ క్యారేజ్‌ది, అంటే ఆర్టీసీ లాంటివాళ్లది. ఆచరణలో అందరూ స్టేజ్ క్యారేజ్‌లాగే తిప్పుతున్నారు. కాగితం మీద లేని స్టాపుకి లైటు ఎవరు వేస్తారు, బాత్రూం ఎవరు కడతారు? అందుకే చీకట్లో దింపుతున్నారు. వీళ్లకి ఊరి బస్టాండులోకి వచ్చే అనుమతి ఇచ్చి, అద్దె వసూలు చేసి, అక్కడే దింపాలని నిబంధన పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

తాటిపాక సెంటర్:

అది జరిగితే ఆర్టీసీ మునుగుతుంది. మన బస్టాండులో మనమే వాళ్లకి చోటిచ్చినట్టు. ఆర్టీసీకే వెన్నెల, స్టార్ లైనర్ స్లీపర్లు ఉన్నాయి. అవి మన డిపోల నుంచి ఎక్కువ వేయమని అడగాలి. పండగ రోజుల్లో ప్రైవేటు వాళ్లు రేటు ఎంత పెంచుతారో అందరికీ తెలుసు. భోగికి ముందు రోజు టిక్కెట్టు చూసి ఊరు రావడం మానేసిన కుర్రాళ్లు మా వీధిలో ఉన్నారు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కూడా రాలేకపోయారు.

ముమ్మిడివరం ఆడపడుచు:

వైనతేయ గారూ, పైబెర్తులు తీసేస్తే బండిలో సగం మందే పడతారు. ఆ ఖాళీ డబ్బు ఎవరి దగ్గర తీస్తారు? మా అమ్మ టిక్కెట్టు మీదే. ఆ రేటుకి కారు మాట్లాడుకోవచ్చు, అదీ లేనివాళ్లు ఆసుపత్రి మానేస్తారు. బస్సు కట్టేటప్పుడే దారులు సరిగ్గా పెట్టించండి, పొగ రాగానే మోగే అలారం పెట్టించండి, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో ఎక్కగానే చూపించమనండి. సీట్ల బండిని స్లీపర్‌గా మార్చినవాడి పర్మిట్ రద్దు చేయమనండి, నేనూ సంతకం పెడతాను. నిషేధానికి మాత్రం పెట్టను.

పాతికేళ్ల స్టీరింగ్:

అమ్మా, మీ అమ్మగారికి టిక్కెట్టు తీసేటప్పుడు మధ్యలో ఉన్న కిందిబెర్తు తీయండి. వెనక చక్రాల మీది బెర్తు వద్దు, కుదుపు మోకాళ్లకి తగులుతుంది. ఎక్కగానే అత్యవసర ద్వారం ఎటుందో చూసుకోండి, దానికి అడ్డంగా మూటలు పెట్టి ఉంటే తీయమని గట్టిగా అడగండి. డ్రైవర్లు ఇద్దరున్నారా అని కూడా అడగండి. ప్రయాణికులు అడిగితే మేనేజరు కొంచెం భయపడతాడు, మేం అడిగితే రేపణ్ణించి రావద్దంటాడు.

వైనతేయ తీరం:

సరే, అడగాల్సినవాటి మీద మనకి గొడవ లేదు. తిరుగు బండి ఆపడం, మార్పు చేసిన బండ్ల పర్మిట్ రద్దు, ఊళ్లోనే దింపడం, ఆడవాళ్ల కోసం శుభ్రమైన చోట రెండుసార్లు ఆపడం. ఈ నాలుగూ పెట్టి అమలాపురం రవాణా కార్యాలయానికి అర్జీ రాస్తున్నాను, వకీలు గారు భాష చూసిపెట్టాలి. పైబెర్తుల సంగతి అందులో రాయను, కానీ నా పట్టు వదల్లేదు. మా ఇంటివాళ్లెవరినీ పైబెర్తు ఎక్కనివ్వను.