పెళ్లి తంతుకి సంగీతం: ఏ పాట, ఎంతసేపు, ఎక్కడ ఆపాలి?

ప్రశ్న

మా చెల్లి పెళ్లి ఇంకో ఐదు వారాల్లో ఉంది. తంతు చిన్నదే, మొత్తం 40 నిమిషాలు. అందరూ వచ్చి కూర్చునేటప్పుడు, చెల్లి నడిచి వచ్చేటప్పుడు, ఇద్దరూ ప్రమాణాలు చేసేటప్పుడు, సంతకాలప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు సంగీతం ఉండాలని అనుకున్నాం. ఆ పని నాకు అప్పగించారు. పెళ్లికొడుకు వాళ్ల భాష వేరు. రెండు వైపుల నుంచీ ఇప్పటికే 31 పాటలు వచ్చాయి. ఒకరు అడిగిన పాట ఇంకొకరికి అర్థం కాదు. చెల్లి మాత్రం చిన్నప్పటి నుంచి పాడుకునే ఒక పాటకే నడిచి వస్తానంటోంది. వాయిద్యాల వాళ్లను పిలవాలా, ఫోన్‌లోంచి పెడితే సరిపోతుందా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (పెళ్లిళ్లలో వయొలిన్ వాయిస్తాను)

తమ్ముడూ, ఆ 31 పాటలూ కాసేపు పక్కన పెట్టు. ముందు చెల్లిని ఆ చోటికి తీసుకెళ్లి, పెళ్లిరోజు వేసుకునే చెప్పులతోనే నడిపించి, ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూడు. చాలాసార్లు నిమిషం కూడా పట్టదు. నాలుగు నిమిషాల పాట పెడితే, గొంతు మొదలయ్యేసరికి పెళ్లికూతురు వచ్చి నిలబడిపోయి ఉంటుంది. తను ప్రాణంగా చూసుకునే పల్లవి తను నడిచేటప్పుడు వినపడకపోతే ఎంత బాధ! అందుకే చెల్లి పాట మార్చొద్దు, మొదలుపెట్టే చోటు మార్చు. పల్లవికి రెండు మూడు సెకన్ల ముందు నుంచి అందుకునేలా కత్తిరించుకోండి. నెమ్మదిగా నడవడానికి నిమిషానికి 60–70 దెబ్బల లయ హాయిగా ఉంటుంది. అంతకంటే వేగమైతే తెలియకుండానే అడుగులు తొందరపడతాయి.

రెండు భాషల సంగతికి వస్తే, నేనైతే మాటల్లేని సంగీతం వైపే మొగ్గుతాను. మోహన రాగాన్నే చూడు. స, రి, గ, ప, ద, ఐదే స్వరాలు. హిందుస్తానీలో వీటితోనే భూప్ రాగం ఉంది. పాశ్చాత్యులు మేజర్ పెంటటోనిక్ అనేదీ ఇదే. చైనా జానపదాల్లోనూ, స్కాట్లాండ్ జానపదాల్లోనూ ఈ స్వరాలే వినిపిస్తాయి. ఎవరి చెవికీ పరాయిగా అనిపించదు. అతిథులు కూర్చునే 20 నిమిషాలూ వయొలిన్ మీదో వేణువు మీదో ఇలాంటిది సాగితే రెండు కుటుంబాలూ తమదే అనుకుంటాయి. పాశ్చాత్య పెళ్లిళ్లలో వాయించే, మెండెల్సన్ అనే స్వరకర్త వెడ్డింగ్ మార్చ్ కూడా 1842లో ఒక నాటకం కోసం రాసినదే. 1858లో విక్టోరియా రాణి కూతురి పెళ్లిలో వాయించాక పెళ్లిళ్లకు అలవాటైపోయింది. మాటల్లేవు కాబట్టి ఏ పెళ్లిలోనైనా ఇమిడిపోయింది.

మాటలున్న పాటైతే చివరి చరణం దాకా అర్థం తెలుసుకోండి. బాణీ తీయగా ఉన్నా లోపల విరహమో వీడ్కోలో ఉండొచ్చు. ఆ పెళ్లిళ్లలోనే పెళ్లికూతురు వచ్చేటప్పుడు వాయించే బ్రైడల్ కోరస్ 1850లో తొలిసారి ఆడిన వాగ్నర్ ఒపేరా (పాటలతో సాగే నాటకం) లోహెన్‌గ్రిన్‌లోది. కథలో ఆ పెళ్లి నిలవదు. అదే అంకంలో వరుడు వెళ్లిపోతాడు, వధువు కుప్పకూలి ప్రాణం విడుస్తుంది. ఇది తెలిశాక వద్దనుకునేవాళ్లూ ఉన్నారు, ఫర్వాలేదనుకునేవాళ్లూ ఉన్నారు. తెలిసి ఎంచుకోవడం ముఖ్యం.

ప్రమాణాల దగ్గర మాత్రం ఏమీ వద్దు. నెమ్మదిగా కూడా వద్దు. ఆ మాటలు వినడానికే అందరూ వచ్చారు. చెవికి మెషీన్ పెట్టుకున్న పెద్దవాళ్లకి వెనక సంగీతం ఉంటే మాట విడిగా తెలియదు.

జవాబు (సౌండ్ పని చేస్తాను)

అక్క చెప్పినదానికి తోడు ఒక మాట. నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు ఒక పెళ్లిలో ఫోన్‌లోంచే పాటలు పెట్టాను. సంతకాలు పెడుతుండగా కాల్ వచ్చి రింగ్‌టోన్ స్పీకర్లలో మోగింది. పెళ్లికూతురు ఉలిక్కిపడి తలెత్తి చూసింది. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటి నుంచి పాటలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెడుతున్నాను. నెట్ మీద ఆధారపడితే మధ్యలో ప్రకటన వచ్చినా ఆశ్చర్యం లేదు. బ్లూటూత్ వద్దు, వైరు వాడు. మామూలు ఫోన్ల బ్లూటూత్ పది మీటర్ల దాకా అందుతుందంటారు గానీ, మధ్యలో మనుషులు నిలబడితే అంత దూరం కూడా రాదు.

ఆరుబయటైతే గోడలు ఉండవు, శబ్దం తిరిగి రాదు. దూరం రెట్టింపు అయినప్పుడల్లా దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ముందు ఒక పెద్ద స్పీకర్ పెట్టి గట్టిగా మోగిస్తే మొదటి వరస చెవులు మూసుకుంటుంది, చివరి వరసకి అందదు. చిన్నవి రెండు మూడు పక్కల వెంబడి పెట్టించు. అతిథులు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగితే శబ్దం సరిపోయినట్టే. వేణువు ఉంటే మైకుకి స్పాంజి తొడుగు తప్పనిసరి, లేకపోతే గాలి హోరే వినిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. ఈరోజు చెల్లితో నడిపించి చూశాను, 48 సెకన్లు. పాటలో పల్లవి ఒకటిన్నర నిమిషానికి గానీ రాదు! కత్తిరించి వినిపిస్తే కళ్ల నీళ్లు పెట్టుకుంది. అతిథులు కూర్చునేటప్పుడు వయొలిన్, నడకకి రికార్డు అనుకున్నాం. పెళ్లిరోజు తను ఇంకా నెమ్మదిగా నడిస్తే?

జవాబు (వయొలిన్)

నడుస్తుంది, ఆ రోజు అందరూ అంతే. పల్లవి తర్వాత ఇంకో నిమిషం పాట ఉంచుకో. తను వచ్చి నిలబడగానే ఐదారు సెకన్లలో మెల్లగా తగ్గించాలి, టక్కున ఆపకూడదు. ఆ తగ్గించే మనిషి కూర్చున్న చోటి నుంచి చెల్లి నడిచే దారి మొత్తం కనపడాలి. ఆ పని నువ్వు పెట్టుకోకు. చెల్లి నడిచొస్తుంటే నువ్వు ఆమెనే చూడాలి కదా. పాటలు బాగా తెలిసిన స్నేహితుడికి అప్పగించి, ముందురోజు రెండుసార్లు రిహార్సల్ చేయించు.