ముందుపన్ను విరిగింది, ముక్క నా దగ్గరే ఉంది: చెన్నైలో ఏం చేయాలి?

షోలింగనల్లూరు నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. నాకు ఇరవై నాలుగేళ్లు. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. ఉద్యోగానికి చెన్నై వచ్చి మూడు వారాలైంది. తమిళం రాదు. నిన్న రాత్రి ఓఎంఆర్ సర్వీస్ రోడ్డులో వాన నీళ్ల కింద గుంత కనపడక బండి మీద నుంచి పడ్డాను. పెదవి చిట్లింది. పై వరసలో ముందుపన్ను ఏటవాలుగా మూడో వంతు విరిగిపోయింది. ముక్క దొరికితే కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకున్నాను. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. పొద్దున ఒక క్లినిక్‌కి వెళ్తే, ఎక్స్‌రే కూడా తీయకుండా రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నారు. ఇంకో చోటికి ఫోన్ చేస్తే సిమెంట్ పెడితే చాలు, పావుగంట పని అన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. చిన్నప్పటి నుంచి నావి గార పళ్లు, గోధుమరంగు మచ్చలు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, అమ్మ టెన్షన్ పడుతుంది. సోమవారం నుంచి క్లయింట్ కాల్స్ ఉన్నాయి. దయచేసి ఎవరైనా దారి చెప్పండి.

వేళచ్చేరి నుంచి:

తమ్ముడూ, పడ్డాక తల తిరగడం, వాంతులు, మగతగా ఉండటం లాంటివి ఉంటే పన్ను సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి వెళ్లు. రోడ్డు మీద పడి పెదవి చిట్లింది కాబట్టి టీటీ ఇంజెక్షన్ గురించి కూడా అడుగు. ఫెవిక్విక్ లాంటివి పెట్టి ముక్కను నువ్వే అంటించుకోవద్దు. మా రూమ్మేట్ ఒకతను ఆ పని చేశాడు, తర్వాత దాన్ని గీకి తీయడానికే డాక్టరుకు చాలా సమయం పట్టింది.

భాష గురించి భయం వద్దు. ఇక్కడ డాక్టర్లు ఇంగ్లీషులో మాట్లాడతారు. రిసెప్షన్‌లో మాత్రం "పల్ ఉడంజిరుచ్చు, తుండు ఎన్‌గిట్ట ఇరుక్కు" అను. పన్ను విరిగింది, ముక్క నా దగ్గరుంది అని అర్థం. జివ్వుమనడాన్ని వాళ్లు "కూసుదు" అంటారు, నొప్పిని "వలిక్కిదు" అంటారు. ఈ రెండూ వేరు, కలిపేయకు. అన్నానగర్ డాక్టరక్క ఈ పోస్టు చూస్తే బాగుండు.

అన్నానగర్ నుంచి:

చూశాను. తమ్ముడూ, ఇది చదవడం ఆపి ముందు ఆ ముక్కను కాగితంలోంచి తీసి శుభ్రమైన నీళ్లలో వెయ్యి. సెలైన్ ఉంటే సెలైన్, లేదంటే పాలైనా సరే. పంటి ముక్క ఎండితే రంగు పాలిపోతుంది, పెళుసెక్కుతుంది, అతుకు కూడా సరిగ్గా కుదరదు. ఇంతసేపు ఎండినా పనికిరాకుండా ఏమీ పోదు, కొన్ని గంటలు నానితే చాలావరకు కోలుకుంటుంది. బ్రష్‌తో రుద్దకు, సబ్బు వాడకు.

ఇప్పుడు అద్దంలో చూడు. విరిగిన చోట మధ్యలో ఎర్రటి చుక్క కానీ రక్తం ఊరడం కానీ కనిపిస్తే పంటి లోపలి నరం బయటపడినట్టు. అప్పుడు ఈ రోజే వెళ్లాలి. లేత పసుపు రంగు మాత్రమే కనిపిస్తూ చల్లదనానికి జివ్వుమంటుంటే పంటి పైపొర కింద ఉండే డెంటిన్ బయటపడినట్టు. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇదే అనిపిస్తోంది. అయినా రేపు దాటనివ్వకు. ఆలోగా నొప్పి పుట్టినా లవంగ నూనె మాత్రం రాయొద్దు. మన ఇళ్లల్లో మొదట గుర్తొచ్చేది అదే. అందులోని యూజినాల్ అనే పదార్థం, తర్వాత పన్నును అతికించడానికి మేం వాడే రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి మందును సరిగ్గా గట్టిపడనివ్వదు.

ఎక్స్‌రే లేకుండా, నరం బతికి ఉందో లేదో చూడకుండా రూట్ కెనాల్‌కు ఒప్పుకోకు. దెబ్బ తగిలిన పన్ను మొదటి రోజుల్లో పరీక్షకు స్పందించకపోయినా, నరం చచ్చిపోయిందని అప్పుడే తేల్చేయకూడదు. కొన్ని వారాల తర్వాత అదే పన్ను మళ్లీ మామూలుగా స్పందించడం నేను చాలాసార్లు చూశాను.

ఇక నిజమైన విషయానికొస్తాను. రూట్ కెనాలా సిమెంటా అని అడిగావు. నీ ముక్కనే నీ పన్నుకు తిరిగి అతికించవచ్చు. రంగు నీదే, ఆకారం నీదే. ఆ అతుకు నిలబడటం మందు బ్రాండ్ మీద కన్నా, మందు పెట్టేముందు పన్నును ఎలా సిద్ధం చేశారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పావుగంటలో అయిపోతుందన్నారంటే ఆ సిద్ధం చేయడాన్నే దాటేస్తారేమోనని నా భయం.

పంటి పైపొర అయిన ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అంత నున్నటి రాయి లాంటి దానికి ప్లాస్టిక్ లాంటి మందు ఎలా అంటుకుంటుంది? 1955లో అమెరికాలో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు దీనికి దారి చూపించాడు. లోహాలకు రంగు బాగా పట్టడానికి ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తారని గమనించి, అదే యాసిడ్‌ను 85 శాతం గాఢతలో 30 సెకన్లు పంటి మీద పెట్టి చూశాడు. కంటికి కనపడని గుంటలు పడ్డాయి. రెజిన్ ఆ గుంటల్లోకి దిగి గట్టిపడి, వేళ్లు పాతుకున్నట్టు పట్టుకుంది. ఇప్పుడు మేం వాడేది 37 శాతం జెల్. ఎనామెల్ మీద మామూలుగా 15 నుంచి 30 సెకన్లు ఉంచుతాం. కడిగి ఆరబెడితే అక్కడ సుద్ద పూసినట్టు తెల్లగా కనపడాలి. అలా కనపడితేనే యాసిడ్ పనిచేసిందని మాకు నమ్మకం.

నీ విషయంలో చిక్కంతా ఇక్కడే. నువ్వు చెప్పిన గార పళ్లనే మేం ఫ్లోరోసిస్ అంటాం, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చేది. అలాంటి ఎనామెల్ పైపొర యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు. పైగా అప్పటికే తెల్ల మచ్చలు, గోధుమ మచ్చలు ఉంటాయి కాబట్టి సుద్ద రంగు వచ్చిందో లేదో కంటితో తేల్చుకోవడం కష్టం. నాది పొదిలి. ఈ పళ్లు నాకు కొత్త కాదు. అయినా పదేళ్ల కిందట మన వైపు నుంచే వచ్చిన ఒకమ్మాయికి నేను మామూలు లెక్క ప్రకారమే యాసిడ్ పెట్టి కట్టిన పన్ను నాలుగు నెలల్లో ఊడిపోయింది. ఆ అమ్మాయి పెళ్లి వారంలో ఏడుస్తూ ఫోన్ చేసింది. రెండోసారి ఆ పైపొరను డ్రిల్లు మొన (బర్)తో పలచగా గీసి, యాసిడ్‌ను ఎక్కువసేపు ఉంచి కట్టాను. అది ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నా, కుర్చీలో కూర్చోగానే మాది ఫ్లోరైడ్ ఏరియా అని చెప్పు. చెన్నైలో పుట్టి పెరిగిన డాక్టర్లకు ఆ మచ్చలు టీ, సిగరెట్ మరకల్లా అనిపించే అవకాశం ఉంది.

ఈ మచ్చలు నీ తప్పు కాదు. సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చినవి అసలే కాదు. చిన్నతనంలో చిగురు లోపల పళ్లు తయారయ్యే వయసులో తాగిన బోరు నీళ్ల వల్ల వచ్చాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు అంటుంది మన దేశ ప్రమాణం. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలో ఈ జబ్బు ఉందని 1937లో మొదటగా రాసిన బృందంలోని షార్ట్ గారు, ఇక్కడ గిండీలో ఉన్న కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్‌గా పనిచేసినవారు. ఆ గేటు ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ మా ఊరి బావులు గుర్తొస్తాయి నాకు.

ఎనామెల్ కింద ఉండే డెంటిన్ తీరు వేరు. అందులో నీళ్లుంటాయి, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులుంటాయి, నరం వైపు వెళ్లే సన్నటి గొట్టాలుంటాయి. యాసిడ్ పెట్టి కడిగాక ఖనిజం పోయి కొల్లాజెన్ వల మాత్రం మిగులుతుంది. గాలి కొట్టి పూర్తిగా ఆరబెడితే ఆ వల ముద్దగా అణిగిపోతుంది, రెజిన్ లోపలికి దిగదు. నీళ్లు నిలిచిపోయినా దిగదు. పిండిన బట్టంత తడి ఉండాలి. రెజిన్, కొల్లాజెన్ కలిసిపోయిన ఆ పొరను 1982లో జపాన్‌లో నకబయాషి బృందం వివరించింది. మేం దాన్ని హైబ్రిడ్ లేయర్ అంటాం. ఇప్పుడొస్తున్న యూనివర్సల్ బాండింగ్ అనే అతికించే మందుల్లో చాలావాటిలో ఎండీపీ అనే పదార్థం ఉంటుంది, అది పంటిలోని కాల్షియంతో రసాయనికంగా ముడిపడుతుంది. వాటితో ఎనామెల్ అంచుకు మాత్రమే యాసిడ్ పెట్టి, డెంటిన్‌కు పెట్టకుండా వదిలేయొచ్చు. నీకైతే నేను అదే చేస్తాను. తర్వాత జివ్వుమనడం తక్కువగా ఉంటుంది.

యాసిడ్ పెట్టి కడిగిన పంటికి ఉమ్మి కానీ రక్తం కానీ తగిలిందంటే ఆ గుంటలన్నీ పూడిపోతాయి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. చిట్లిన పెదవి పక్కనే ఉంది కాబట్టి నీకు ఈ ప్రమాదం ఎక్కువ. చెన్నై ఉక్కలో నోట్లో అద్దం పెడితేనే ఆవిరి పడుతుంది. అందుకే రబ్బర్ డ్యామ్ అనే పలచటి షీటు తగిలించి, పన్ను మాత్రం బయటికి కనపడేలా పెట్టుకుని చేస్తాం. 1864 నుంచీ ఉన్న పద్ధతి ఇది. "రబ్బర్ డ్యామ్ వేస్తారా?" అని ఫోన్‌లోనే అడుగు. వేస్తామంటే వాళ్లు పని మీద శ్రద్ధ పెట్టేవాళ్లని నేను నమ్ముతాను.

బాండింగ్ పూశాక మెల్లగా గాలి ఊది, అందులోని ఆల్కహాల్ లేదా అసిటోన్ ఎగిరిపోయాక, మందు గట్టిపడటానికి నీలం లైటు వేస్తారు. తర్వాత పంటి రంగులో ఉండే పలచటి రెజిన్ మందు కాంపోజిట్‌తో ముక్కను కూర్చి, ముందు నుంచీ వెనక నుంచీ మళ్లీ లైటు. ముక్క సరిగ్గా కుదరక కాంపోజిట్‌తోనే పన్ను కట్టాల్సి వస్తే 2 మిల్లీమీటర్ల పొరలుగా పెట్టాలి. గట్టిపడేటప్పుడు అది కొద్దిగా కుంచించుకుపోతుంది, లైటు కూడా అంతకన్నా లోతుకు సరిగ్గా దిగదు. రంగు ఎంచుకోవడం పని మొదలుపెట్టకముందే, పళ్లు తడిగా ఉన్నప్పుడే జరగాలి. ఆరిన పన్ను తెల్లబడి మోసం చేస్తుంది. పని అయ్యాక ఒకటి రెండు రోజులు పన్ను పక్కవాటికన్నా తెల్లగా ఉంటే కంగారుపడకు.

ఎక్కడికి వెళ్లాలంటే, కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్‌లో (పన్ను కట్టడం, రూట్ కెనాల్ విభాగం) ఎండీఎస్, అంటే దంతవైద్యంలో పీజీ చేసినవాళ్ల దగ్గరికి. ఖర్చు భారమైతే ఫోర్ట్ స్టేషన్ దగ్గరున్న తమిళనాడు ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి, జనం ఉంటారు, ఓపిక కావాలి. నీకు దగ్గరలో ప్రైవేటు డెంటల్ కాలేజీలూ ఉన్నాయి. అక్కడ పీజీ విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్ చూస్తారు. తొందరపడకుండా చేయడం వాళ్ల దగ్గర నాకు నచ్చే సంగతి.

పెరంబూర్ నుంచి:

డాక్టరు గారూ, నాదో సందేహం. అతికించిన ముక్క ఎన్నాళ్లుంటుందండీ? మా నాన్నగారికి ఇలాగే విరిగితే క్యాపే వేశారు. పన్నెండేళ్లయింది, చెక్కుచెదరలేదు. కుర్రాడికి మళ్లీ మళ్లీ తిరిగే బాధ ఎందుకు?

అన్నానగర్ నుంచి:

మీ నాన్నగారి క్యాపు నిలవడం సంతోషమండీ. పెద్ద వయసులో, రూట్ కెనాల్ అయిన పంటికి చాలాసార్లు అదే మంచిది. ఈ తమ్ముడిది బతికున్న పన్ను. క్యాపు వేయాలంటే చుట్టూ అరగదీయాలి, అరగదీసింది మళ్లీ పెరగదు. అతికించిన ముక్క ఎప్పుడైనా ఊడొచ్చు, అది నిజమే. ఊడితే మళ్లీ అతికించుకోవచ్చు, కాంపోజిట్‌తో కట్టుకోవచ్చు, కావాలంటే అప్పుడు వెనీరో (పన్ను ముందువైపు అతికించే పలచటి పెంకు) క్యాపో వేసుకోవచ్చు. దారులన్నీ తెరిచే ఉంటాయి. ఇరవై నాలుగేళ్లకే ఆఖరి దారి పట్టించడం నాకు మనసొప్పదు.

ఇంకో మాట. ఈ రోజుల్లో క్యాపుల్నీ అతికించడమే. పింగాణీ వెనీర్‌కు లోపలి వైపు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, ఆపైన పింగాణీని రెజిన్‌తో కలిపే సైలేన్ అనే మందు పూస్తారు. క్యాపులకు వాడే జిర్కోనియా అనే గట్టి పదార్థానికి ఆ యాసిడ్ పనిచేయదు, ఇసుకలాంటి పొడితో గరుకు చేసి ఎండీపీ ఉన్న మందు వాడాలి. అక్కడ కూడా అశ్రద్ధ చేస్తే ఊడి చేతికి వస్తాయి.

షోలింగనల్లూరు నుంచి:

అక్కా, నిన్న అయిపోయింది. ముక్క రాత్రంతా సెలైన్‌లో ఉంచాను. ఎక్స్‌రే తీశారు, వేరు బాగానే ఉందన్నారు. మాది ఫ్లోరైడ్ ఏరియా అని చెప్పగానే ఆ మేడమ్ లైటు దగ్గరికి లాక్కుని మళ్లీ చూశారు. రబ్బర్ షీటు వేశారు, గంట పైనే పట్టింది. అతుకు గీత దగ్గరగా చూస్తే తప్ప కనపడటం లేదు. అమ్మకు వీడియో కాల్ చేసి మాట్లాడాకే పడ్డ సంగతి చెప్పాను. ఏది విరిగిందో చూపించు అంది, కనుక్కోలేకపోయింది. మచ్చలు కూడా పోగొట్టుకోవచ్చా? బ్లీచింగ్ చేయించుకుంటే ఎలా ఉంటుంది?

అన్నానగర్ నుంచి:

చాలా సంతోషం తమ్ముడూ. బ్లీచింగ్ ఇప్పుడే వద్దు, ముందు పన్నును కుదురుకోనివ్వు. బ్లీచ్ చేశాక రెండు వారాలు ఆగకుండా కొత్తగా ఏదీ అతికించకూడదు, పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను గట్టిపడనివ్వదు. అతుకులోని కాంపోజిట్ కూడా బ్లీచ్‌కు తెల్లబడదు, గీత బయటపడుతుంది. ఆ సంగతి వచ్చే ఏడాది తీరిగ్గా చూద్దాం.

ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఒకసారి, ఏడాదికి ఒకసారి వెళ్లి నరం పరీక్ష చేయించుకో. పన్ను బూడిదరంగుకు తిరిగినా, చిగురు మీద పొక్కు లేచినా అంతవరకు ఆగకుండా వెంటనే వెళ్లు. జంతికలు, చెరకు, బొమికలు దవడపళ్లతోనే. చిప్స్ ప్యాకెట్లు పళ్లతో చింపకు. హెల్మెట్ గడ్డం దాకా కప్పేది కొనుక్కో.

మీ ఊళ్లో చిన్నపిల్లలు ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారో అమ్మను అడిగి ఇక్కడ రాయి.