సమస్య: ఉండి యుండి పారె నెండుటేరు

నిర్వాహకుడు: మన తిరుపతి దగ్గరి స్వర్ణముఖి ఏటిని చూస్తుంటే తట్టిన పాదం, దీన్ని చివర పెట్టి పద్యం పూర్తి చేయండి. ఎండిన ఏరు పారడమేంటని నన్నడక్కండి, ఆ తంటా మీది.

చంద్రగిరి అయ్యవారు:
కొండ మీది వాన కోన దాటిన వేళ
కట్ట తెగిన రీతి కదము తొక్కి
స్వర్ణముఖిని జేరి సందడించును నేడు
ఉండి యుండి పారె నెండుటేరు

కొర్లగుంట కుర్రోడు: యతులకు వంక లేదు అయ్యవారూ, ఎప్పట్లాగే. కానీ మీ ఏరు ఒక్క ఊపున వచ్చేసింది. అది 'ఉన్నట్టుండి' పారడం. 'ఉండి ఉండి' అంటే కాసేపు గమ్మునుండాలి, తటాలున రావాలి, మళ్ళీ గమ్మునుండాలి, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీకూడదు. ఉండి ఉండి దగ్గుతున్నాడంటాం, ఉండి ఉండి గాలి కొడుతోందంటాం. మీ పద్యంలో ఆ విరామమేదీ?

చంద్రగిరి అయ్యవారు: విరామం ఏటిలోనే ఉంది నాయనా. ఈశాన్య రుతుపవనాల్లో వాయుగుండం పడితే నీళ్ళు, లేకుంటే ఇసుక. 2021 నవంబరు వరద మరిచావా? అయినా ఉగాది పూరణలో యతి కోసం 'అడపాదడప' పిడుగు వేయించినవాడివి నువ్వు! అడపాదడపా రావడానికి పిడుగేమైనా బావమరిదా?

కొర్లగుంట కుర్రోడు: ఆ పిడుగు ఇంకా మీ మీదే ఉందన్నమాట. ఇదిగో నాది:
ఇసుక ట్రాక్టరెక్కి యెవరు జూడకముందె
అర్ధరాత్రి దాటి యవతలూరి
మేడ కట్టు పనికి మెఱుపులా జారుచు
ఉండి యుండి పారె నెండుటేరు

మంగళం అక్క: అబ్బ! నీళ్ళు కాదు, ఏరే పరుగెత్తింది. పారడానికి ఉరకడమనే అర్థం భలే పట్టావు తమ్ముడూ. ఒక ట్రాక్టరు పోయాక ఇంకోటి వచ్చేదాకా ఉండే చీకటే నువ్వడిగిన విరామం. కాకపోతే ఆ సంగతి పద్యంలో కంటే నీ వ్యాఖ్యలోనే బాగా చెప్పావు.

చంద్రగిరి అయ్యవారు: 'ట్రా' ఒత్తక్షరం కదా, దాని ముందు 'క' గురువు కాదా? మొదటి గణమే కూలింది.

కొర్లగుంట కుర్రోడు: ఇదేం సంస్కృత సమాసమా అయ్యవారూ? 'క'ను ఊదకుండా పలికి చూడండి, తేలిపోతుంది.

చంద్రగిరి అయ్యవారు: సరే, 'మెఱుపు'కు పెట్టిన బండి ఱ 'పారె'కు ఏమైంది?

కొర్లగుంట కుర్రోడు: అది నిర్వాహకుల పాదం, వారినే అడగండి.

నిర్వాహకుడు: 'క' లఘువే. బండి ఱ కావాల్సినవాళ్ళు 'పాఱె' అని చదువుకోండి. ఉగాది పిడుగు గొడవ ఇక్కడొద్దు, వేరే చర్చా దారం పెట్టుకోండి.

చంద్రగిరి అయ్యవారు: పెట్టేశాను.